అవ్వ ట్రంకు పెట్టెలో డీకేటీ పట్టా: మన ఇళ్ళ చరిత్ర కొంచెం

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాం. అయినా చివరిదాకా చదవండి. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి కాగితం ఒకటి ఉండొచ్చు.

పోయిన నెలలో, ప్రొద్దుటూరులో మేం బాడుగకుండే ఇంటికి ఒకాయన వచ్చినాడు. జమ్మలమడుగు దగ్గర మా పాత ఊరాయన. చేతిలో కవరు, కవర్లో టైపు కొట్టించిన కాగితాలు. ‘‘అవ్వా, ఈడొక్క వేలిముద్ర ఎయ్యి. యాభై వేలు ఇచ్చిపోతా’’ అన్నాడు. అవ్వ వేలు చాపలేదు. ‘‘పిల్లోళ్ళు హాస్టల్ నుంచి రానీ, చదివినాక చూస్తాం’’ అనింది. ఆయనకు కొంచెం కోపమొచ్చినట్టుంది. కాఫీ కూడా తాగకుండా పోయినాడు.

ఆ మాట విన్నాక మేం సెలవు పెట్టి ఇంటికి పోయినాం. అవ్వ మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగింది. తాత ఫోటో, పాత రేషన్ కార్డు, వాటి కింద ప్లాస్టిక్ కవర్లో రెండు కాగితాలు. ఒకటి 1987 నాటి డీకేటీ పట్టా, మూడు సెంట్ల ఇంటి స్థలం, అవ్వ పేరు మీద. రెండోది 1999లో పది రూపాయల స్టాంపు పేపరు మీద రాసిన కాగితం నకలు, కింద అవ్వవి, తాతవి వేలిముద్రలు. ఈ రెండు కాగితాలను అర్థం చేసుకోవడానికి మాకు నెల పట్టింది. లైబ్రరీలో చదివినాం, లా చదివే సీనియర్ అన్నను అడిగినాం, అవ్వ చేత పాత సంగతులు చెప్పించుకున్నాం. చదివేకొద్దీ ఇది మా ఒక్క ఇంటి కథ కాదని తెలిసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మామూలుగా జనం ఇంటి సంగతి ఎట్ల చెప్పుకుంటారు? మొదట బాడుగకుంటారు. తర్వాత స్థలం కొంటారు, కట్టుకుంటారు. చేతిలో డబ్బులు ఆడినప్పుడు పైన ఒక గది వేసుకుంటారు. అవసరమొస్తే మంచి రేటుకు అమ్మి ఇంకోచోటికి పోతారు. మన ఎరుకలోళ్ళకు, సుగాలోళ్ళకు, యానాదోళ్ళకు ఈ మెట్లలో ఒక్కటి కూడా తిన్నగా రాలేదు. మారడం, అమ్మడం, బాడుగకుండడం, కట్టడం, బాగుచేసుకోవడం, అన్నిటికీ ఏదో ఒక కాలంలో ఏదో ఒక అడ్డం ఉండేది. కొన్ని ఇంకా ఉన్నాయి.

ఇల్లు మారాలంటే పోలీసుకు చెప్పాలి

మన పెద్దోళ్ళు ఊరూరూ తిరిగేవాళ్ళు అంటే, ఇల్లు లేక తిరిగినారని జనం అనుకుంటారు. అది తప్పు. వాళ్ళు తిరిగింది యాపారానికి. సుగాలోళ్ళు ఎద్దుల మీద ధాన్యం మోసేవాళ్ళు. 1799 మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి తిండిగింజలు అందించింది కూడా బంజారాల ఎద్దుల గుంపులే. ఎరుకలోళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని సముద్రం పక్క ఊర్లకూ లోపలి ఊర్లకూ మధ్య తిరిగేవాళ్ళు. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఆగే ఊర్లు వాళ్ళకు ఖాయంగా ఉండేవి.

రైలు వచ్చింది. మద్రాసు నుంచి కడప మీదుగా, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం దాటి రాయచూరు దాకా పోయే లైను 1871లో బొంబాయి లైనుతో కలిసింది. ఉప్పు బస్తాలు రైలెక్కినాయి. ఉప్పు మీద సర్కారు పన్ను, కట్టడి ఎట్లాగూ ఉన్నాయి. గాడిద మీద ఉప్పు మోసేవాడికి పని పోయింది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో ఇంగ్లీషులో వేసిన ‘డిసానర్డ్ బై హిస్టరీ’ అనే పుస్తకంలో మన కొరచ, ఎరుకల వాళ్ళ ఈ సంగతంతా ఉంది. లైబ్రరీలో దొరికితే చదవండి.

విచిత్రం ఏమంటే, రైలు లైను కలిసిన 1871 సంవత్సరంలోనే నేరస్థ జాతుల చట్టం కూడా వచ్చింది. మొదట ఉత్తరాదిలో పెట్టినారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చినారు. యాపారం పోయి తిరుగుతున్నోళ్ళను ‘పని లేకుండా తిరిగేవాళ్ళు’ అన్నారు. ఆ తర్వాత ‘దొంగలు’ అన్నారు. పేరు నమోదైనోడు చెప్పిన టైముకు హాజరు వేయించుకోవాలి. 1911 చట్టంలో పదో సెక్షన్ చూడండి. వాడు యాడ ఉంటున్నాడో చెప్పాలి, ఇల్లు మారినా చెప్పాలి, మారాలనుకున్నా ముందే చెప్పాలి, ఒక రాత్రి ఇంట్లో లేకపోయినా చెప్పాలి.

ఈ సెక్షన్ చదివినప్పుడు అవ్వ చెప్పిన ఒక మాట గుర్తొచ్చింది. వాళ్ళ నాయన రాత్రి అన్నం తినే ముందు మునసబు ఇంటికాడికి పోయి పేరు చెప్పి వచ్చేవాడంట. చిన్నప్పుడు ఆ కథ విని మేం నవ్వుకునేవాళ్ళం. అది హాజరు అని మాకు ఇరవై ఏళ్ళొచ్చాక తెలిసింది.

కొన్ని గుంపులను ఏకంగా సెటిల్‌మెంట్లలో పెట్టినారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతిలో, కావలి అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళ చేతిలో ఉండేవి. అప్పటి కర్నూలు జిల్లాలో సిద్దాపురం ఉండేది. అక్కడ ఇల్లు ఇచ్చినారు, పొలం ఇచ్చినారు, బడి కూడా పెట్టినారు. కానీ బయటికి పోవాలంటే చీటీ కావాలి. ఆ ఇల్లు అమ్మడానికి లేదు, వదిలి పోవడానికి లేదు. సర్కారు మనకు మొదటిసారి ఇచ్చిన ఇల్లు తాళం బయట ఉన్న ఇల్లు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడుగా కమిటీ వేసినారు. ఆ కమిటీ 1950లో రిపోర్టు ఇచ్చింది. 1952 ఆగస్టు 31న దేశమంతా చట్టాన్ని ఎత్తేసినారు. మనం విముక్త దినం జరుపుకునేది ఆ రోజునే. చట్టమైతే పోయింది. ‘యాడోళ్ళు మీరు’ అని అడిగే నోరు పోలేదు.

కాగితం లేనోడి గోడ

ఇప్పుడు పట్టా సంగతి. 1800లో మన కడప సీమ కంపెనీ చేతికి పోయింది. దత్తమండలాలు అని స్కూల్లో చదువుకున్నాం కదా, అవే. థామస్ మన్రో మొదటి పెద్ద కలెక్టరు. ఆయన పొలాలు కొలిపించి రైతువారీ పద్ధతి పెట్టినాడు. దున్నేవాడి పేరు మీద లెక్క, వాడే సర్కారుకు శిస్తు కట్టాలి. రైతుకు మంచిదే. కానీ దున్నకుండా ఉప్పు మోసేవాడు, గంపలు అల్లేవాడు ఆ లెక్కలోకి రాలేదు. ఊరి మధ్యలో ఇళ్ళుండే చోటు గ్రామకంఠం. అక్కడ ఎవరిల్లు ఎవరిదో ఊరంతా ఎరుగు, కాగితం అక్కర్లేదు. మనం ఊరి బయట, వంక పక్కన, పోరంబోకులో కొట్టం వేసుకున్నోళ్ళం. అక్కడ కూడా కాగితం లేదు. గ్రామకంఠంలో కాగితం లేకపోయినా ఎవరూ లేపరు. వంక పక్కన కాగితం లేకపోతే ఎవరైనా లేపుతారు. తేడా అదే.

భూమి లెక్కలన్నీ కరణం ఇంట్లో ఉండేవి. ఆ పుస్తకంలో మన పేరుందా లేదా అని అడిగే ధైర్యం ఎవరికుండేది? 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను, మునసబులను తీసేసింది. 1985లో మండలాలు వచ్చినాయి. అవ్వ పట్టా 1987ది. దాని మీద ఉండేది మండల రెవెన్యూ అధికారి సంతకం. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే, మా ఇంట్లో మొదటి కాగితం అప్పుడే ఎందుకొచ్చిందో కొంచెం తెలుస్తుంది.

ఆ పదేళ్ళలోనే ఇంకొన్ని కూడా జరిగినాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పెట్టినారు. 1983 తర్వాత పక్కా ఇళ్ళ కార్యక్రమం వచ్చింది. 1985–86లో కేంద్రం ఇందిరా ఆవాస్ మొదలుపెట్టింది, అది మొదట్లో ఎస్సీ ఎస్టీలకు, వెట్టి నుంచి విడిపించినోళ్ళకు. మా అవ్వోళ్ళకు ఒక గది ఇల్లు వచ్చింది. గోడలు రాతివి, పైన కడప బండలు. ‘‘మొదటి వానకు నిద్ర పట్టలేదు. కొట్టంలో అయితే వాన సప్పుడు ఇనపడేది, ఆ ఇంట్లో ఏం ఇనపడలే. నీళ్ళు కారలేదని లేచి లేచి చూసుకున్న్యా’’ అని అవ్వ ఇప్పటికీ చెప్తుంది.

కాగితం విలువ తెలియాలంటే గండికోట చూడండి. 2020లో రిజర్వాయరు నింపేటప్పుడు కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది. తరతరాల ఇళ్ళున్నోళ్ళు, కాగితాలున్నోళ్ళు కూడా పరిహారం కోసం ధర్నాకు కూర్చున్నారు. వాళ్ళకే అంత కష్టమైతే, ‘ఇల్లు ఎవరి పేరు మీద ఉంది’ అని అడిగితే జవాబు లేనోడి సంగతి చెప్పాల్నా?

అమ్మడం: కుదవ అనుకున్నాం, క్రయమంట

1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. సర్కారు పేదోళ్ళకిచ్చిన పొలం గానీ ఇంటి స్థలం గానీ అమ్మడానికి లేదు, కొనడానికి లేదు. అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. రిజిస్ట్రారు రిజిస్టరు చేయకూడదు. సర్కారు ఆ స్థలాన్ని వెనక్కి తీసుకొని అసలు పట్టాదారుకే తిరిగి ఇవ్వొచ్చు.

ఏజెన్సీలో గిరిజనుల భూమి కాపాడడానికి 1/70 చట్టం ఉంది. అది షెడ్యూల్డు ఏరియాకే. మన కడప జిల్లాలో షెడ్యూల్డు ఏరియా లేదు. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో గిరిజనులం నూటికి ముగ్గురం కూడా లేము. మైదానంలో ఉండే మనకు దిక్కు ఈ 1977 చట్టమే.

చట్టముంది. కానీ 1999లో తాతకు టీబీ ముదిరింది. మందులకు, తిండికి డబ్బుల్లేవు. ఊర్లో ఒకరి దగ్గర ఏడు వేలు తీసుకొని ఇల్లు ‘కుదవ’ పెట్టినామని అవ్వ చెప్తుంది. మూడేళ్ళలో తీరిస్తే ఇల్లు వెనక్కి ఇస్తారని మాట. తాత పోయినాడు. అవ్వ, నాయన కూలికి పోయి రెండేళ్ళకు డబ్బు కూడబెట్టుకొని పోతే, ‘‘కుదవ యాడిది? మీరు అమ్మినారు, కాగితం చూడండి’’ అన్నారంట. మేం ఇప్పుడు ఆ నకలు చదివినాం. అందులో ‘శుద్ధక్రయం’ అనే మాట నాలుగుసార్లుంది. ‘కుదవ’ అనే మాట ఒక్కసారి కూడా లేదు. ఆ రోజు ఎవరూ దాన్ని పైకి చదివి వినిపించలేదు. వేలు పట్టుకొని సిరా అద్దినారు, అంతే.

ఇల్లు పోయినాక అవ్వ, నాయన ప్రొద్దుటూరు వచ్చేసినారు. చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదని వాళ్ళకు చెప్పినోడు లేడు. చట్టం పుస్తకంలో ఉంది, పట్టా పెట్టెలో ఉంది. ఈ రెండూ కలవడానికి ఇంట్లో ఒక చదువు కావాల్సి వచ్చింది.

ఇప్పుడు చట్టం మారింది. ఇంటి స్థలాలకు మొదట 20 ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. 2021లో దాన్ని 10 ఏళ్ళు చేసినారు. ఆ హక్కు అసలు పట్టాదారుకు, వారసులకు. తెల్ల కాగితం మీద, స్టాంపు పేపరు మీద కొన్నోళ్ళకు కాదు. అందుకే ఆయన కవరు తీసుకొని ప్రొద్దుటూరు దాకా వచ్చినాడు. ఇరవై ఏళ్ళకు పైగా వాళ్ళ చేతిలో ఉన్న స్థలానికి ఇప్పుడు మా అవ్వ వేలిముద్ర కావాల్సి వచ్చింది.

అమ్ముకునే హక్కు మంచిదా చెడ్డదా అని మా హాస్టల్ గదిలో పెద్ద వాదనే జరిగింది. మా సుగాలి ఫ్రెండు అంటాడు, ‘‘అందరికీ అమ్ముకునే హక్కుంది, మనకెందుకు ఉండకూడదు? అమ్మడానికి లేని ఇల్లు సెటిల్‌మెంటు ఇల్లు లాంటిదే’’. అది నిజమే. బ్యాంకు లోను రాదు, కాలేజీ ఫీజుకు తాకట్టు పెట్టలేం. ఇంకో ఫ్రెండు అంటాడు, ‘‘అమ్మకూడదన్నప్పుడే ఏడు వేలకు పోయింది. అమ్మొచ్చంటే ఏమైతుందో చూడు’’. అది కూడా నిజమే. మాకు తోచింది ఇది: హక్కు ఉండాల్సిందే, కానీ చేతిలో ఇంకో కప్పు లేకుండా, కాగితం చదవకుండా, ఇంట్లో జబ్బు ఉన్నప్పుడు అమ్మేది అమ్మకం కాదు. అది పోగొట్టుకోవడం.

బాడుగ: ‘మీరేమోళ్ళు?’

ప్రొద్దుటూరు పెద్ద టౌను. బంగారం, బట్టలు, జనం దీన్ని రెండో బొంబాయి అంటారు. పని దొరుకుతుంది. ఇల్లు దొరకదు. టులెట్ బోర్డు చూసి పోతే మొదటి ప్రశ్న ఎంతమంది అని, రెండోది ఏం పని అని, మూడోది ‘మీరేమోళ్ళు?’ అని. ‘ఎరుకలోళ్ళం’ అంటే ఆ ఇల్లు అప్పటికప్పుడు ఎవరికో ఇచ్చేసి ఉంటారు. కొందరు ‘పందులు తెస్తారా’ అని అడుగుతారు. మా ఇంట్లో పందులు పెంచింది అవ్వ అత్తగారి కాలంలో.

అమ్మ ఒకసారి అబద్ధం చెప్పింది. ఆరు నెలలు బాగానే ఉన్నాం. ఒకరోజు అవ్వ, అమ్మ మన కుర్రు బాసలో మాట్లాడుకుంటుంటే ఇంటామె వినింది. నెలాఖరుకు ఖాళీ చేయమనింది, కారణం చెప్పలేదు. ఆ తర్వాత నుంచి ఇంట్లో గట్టిగా మా బాస మాట్లాడడం తగ్గిపోయింది. మాకు మా బాస సగమే వస్తుంది. దానికి కారణాల్లో బాడుగిల్లు ఒకటి. ఈ మాట ఎప్పుడూ ఎవరూ రాయలేదని రాస్తున్నాం.

1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం మనల్ని మన ఇంట్లో నుంచి, ఊర్లో నుంచి వెళ్ళగొడితే నేరం. కానీ ‘ఇల్లు ఖాళీ లేదు’ అనే మాటను కోర్టులో ఎవరు రుజువు చేస్తారు? అందుకే మనోళ్ళు ఒకే సందులో, ఒకే తెలిసినాయన పోర్షన్లలో గుంపుగా ఉంటారు. జనం దాన్ని ‘వాళ్ళు అట్లనే కలిసి ఉంటారులే’ అంటారు. కలిసి ఉండేది ఇష్టమూ ఉంది, వేరే చోట ఇవ్వకపోవడమూ ఉంది.

కట్టడం: బాడుగ, వడ్డీ, ఇటుక ఒకే నెలలో

2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా ఇంటి పట్టాల పంపిణీ మొదలైంది. ముప్పై లక్షలకు పైగా పట్టాలు, ఆడవాళ్ళ పేరు మీద. టౌన్లో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటు అంటే 48 గజాలు. ఇంటికి లెక్క 1,80,000 రూపాయలు. అమ్మకు టౌను బయట లేఅవుటులో సెంటు వచ్చింది. పులివెందుల వైపు చిన్నమ్మకు కూడా వచ్చింది.

ఈ రెండిళ్ళ లెక్క పక్కపక్కన పెట్టి చూడండి, ఇది మీకు పనికొస్తుంది.

చిన్నాయన బేల్దారి మేస్త్రి. వాళ్ళు పట్టా వచ్చిన రెండు నెలలకే బాడుగిల్లు ఖాళీ చేసి, స్థలంలోనే ఒక మూల రేకుల కొట్టం వేసుకొని దిగినారు. బాడుగ మిగిలింది. చిన్నాయన కూలికి పోయి వచ్చినాక సాయంత్రం తన గోడ తాను కట్టుకున్నాడు. చిన్నమ్మ ఇటుకలందించింది. పద్నాలుగు నెలలకు స్లాబు పడింది. కష్టం మామూలుది కాదు. కరెంటు లేదు, పాముల భయం, చిన్నోడికి జ్వరాలు.

మేం అట్ల చేయలేదు. అమ్మ చీపుర్లు, గంపలు అమ్మేది మార్కెట్లో. లేఅవుటు నుంచి రోజూ ఆటో ఛార్జీలు పెట్టుకోలేం. టౌన్లోనే బాడుగకుంటూ అక్కడ కట్టిస్తాం అనుకున్నాం. పునాది అయింది, గోడలు లేచినాయి. రూఫ్ లెవల్ దగ్గర ఆగిపోయింది. ఒక బిల్లు లేటయింది, సిమెంటు రేటు పెరిగింది, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది మీద పడింది. మధ్యలో బాడుగ ఆగలేదు. నెలకు 3,500. మూడేళ్ళకు లెక్క వేస్తే 1,26,000. ఇల్లు మొత్తానికి సర్కారు లెక్క 1,80,000 అయితే, అందులో మూడింట రెండు వంతులకు పైగా మేం బాడుగకే కట్టినాం, మా గోడలు పైకప్పు లేకుండా వానకు తడుస్తుంటే.

ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే ఈ మధ్యకాలమే పేదోణ్ణి ముంచేది. స్కీములో ఇటుకకు లెక్కుంది, ఇసుకకు లెక్కుంది. ఆ మధ్యకాలంలో యాడ ఉండాలి అనేదానికి లెక్క లేదు.

ఇంకొక సంగతి. 2023 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ ఆదిమ గిరిజన తెగలకు. మన రాష్ట్రంలో చెంచులు, కొండరెడ్లు, సవరలు లాంటోళ్ళు అందులో ఉన్నారు. ఎరుకల, యానాది, సుగాలి లేము. 2025 మార్చిలో రాష్ట్రం, ఆగిపోయిన ఇళ్ళకు అదనంగా ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగలకు లక్ష ఇస్తామని చెప్పింది. ఇల్లు సగంలో ఆగినోళ్ళు సచివాలయంలో ఈ 75 వేల సంగతి అడగండి. మా అమ్మ కూడా అర్జీ పెట్టింది.

బాగుచేసుకోవడం: గంప అల్లే చోటు యాడుంది?

చిన్నమ్మోళ్ళ ఇల్లు పూర్తయింది కదా. పోయి చూసినాం. రంగు కొట్టినారు, లోపల బండలు పరిచినారు, బాత్రూం ఉంది. సంతోషమే. చిన్నమ్మ మాత్రం ఈత బరిగెలు పట్టుకొని వీధిలో కూర్చొని గంప అల్లుతోంది. ఇంటి ముందర స్థలం లేదు. బండి వస్తే లేవాలి, బండి పోయినాక కూర్చోవాలి.

మన ఇల్లు వంట చేసుకొని పడుకునేదానికే కాదు. అది మన పనిచోటు. బరిగెలు నానబెట్టాలి, చీల్చాలి, ఎండబెట్టాలి, అల్లినవి పేర్చాలి. వంక పక్కన కొట్టానికి గోడలు సరిగ్గా లేకపోయినా చుట్టూ చోటుండేది. సెంటు ఇంటికి గోడలు గట్టివి, చుట్టూ చోటు లేదు. చిన్నమ్మకు మేం చెప్పింది ఒకటే: మిద్దె మీదికి మెట్లు పెట్టించుకో, పైన రేకులేసుకో, పని అక్కడ చేసుకోవచ్చు. మెట్లకు డబ్బులు చాల్లేదు, ఇనప నిచ్చెన పెట్టుకున్నారు. ఇప్పుడు ఆమె మిద్దె మీద అల్లుతోంది. వానొస్తే దిగుతుంది. ఇంకో ఏడాదికి రేకులంట.

మాకు తెలిసిన ‘ఇల్లు బాగుచేసుకోవడం’ అంటే ఇదే. ఏడాదికొకటి. ఈ ఏడు నిచ్చెన, వచ్చే ఏడు రేకులు, ఆ పై ఏడు ఒక దొడ్డి గోడ.

ఆదివారం

మళ్ళీ ఆ కవరు దగ్గరికొద్దాం. ఇంట్లో మూడు మాటలున్నాయి. నాయన అంటాడు, చట్టం మన పక్కనుంది, ఇల్లే అడుగుదాం. అమ్మ అంటుంది, ఆ ఇంట్లో మనం పోయి ఉండేది లేదు, స్లాబుకు సరిపోయే డబ్బు అడుగుదాం. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అనింది: ‘‘ఆ రోజు మోసం చేసినోడు సచ్చిపాయ. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది వాని కొడుకు, చిన్న పిల్లోళ్ళు. వాళ్ళను బయటికి తోలితే, మనల్ని తోలినట్టే గదా. కానీ యాభై వేలు వాడు ఇచ్చేది కాదు, మనం అడిగేది. ఇంకోటి. కాగితంలో అమ్మినామని రాయొద్దు. 1999లో కుదవ పెట్టినాం, ఇప్పుడు అమ్ముతున్నాం అని రాయమను.’’

లా చదివే అన్నతో మాట్లాడినాం. రిజిస్ట్రారు ఆఫీసులో ఆ స్థలం ఇప్పటి సర్కారు విలువ ఎంతో కనుక్కున్నాం. ఆయనకు ఫోన్ చేసి రమ్మన్నాం. రెండు మూడు రోజులు గట్టిగా మాట్లాడుకున్నాక, సర్కారు విలువలో సగానికి ఒప్పుకుంటామన్నట్టు చెప్పినాడు. అది మా స్లాబుకు సరిపోతుంది, వడ్డీ అప్పు కూడా కొంత తీరుతుంది. కాగితం తయారు చేయించి ఆదివారం జమ్మలమడుగు రమ్మన్నాడు. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు 2016లో వచ్చిన రైలు ఉంది కదా, ప్రొద్దుటూరులో ఎక్కితే దిగొచ్చు. అవ్వ రైలు వద్దనింది, బస్సే అంట.

ఆ రోజు కాగితం మొదటి నుంచి చివరిదాకా అవ్వ ముందర పైకి చదువుతాం. తప్పుంటే దిద్దిస్తాం. అవ్వ సరే అన్నాకే వేలిముద్ర. మా ఇంట్లో వేలిముద్ర కంటే ముందు చదువు నడవడం ఇదే మొదటిసారి.

చదివినోళ్ళకు ఒక్క మనవి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ట్రంకు పెట్టె తెరవండి. పట్టా ఉందా, ఎవరి పేరు మీద ఉంది, ఏ సంవత్సరం, ఎన్ని సెంట్లు, ఏ సర్వే నెంబరు, ఎప్పుడైనా ఎవరికైనా దాని మీద వేలిముద్ర వేసినారా, ఇవన్నీ నోటుబుక్కులో రాసుకోండి. ఫోటో తీసి పెట్టుకోండి. పెద్దోళ్ళు కుదవ అన్నారా, అమ్మినాం అన్నారా, బాగా అడగండి. ఇప్పుడు ఎవరైనా కవరు పట్టుకొని వస్తే, కాఫీ ఇవ్వండి, కూర్చోబెట్టండి, కానీ ‘పిల్లోళ్ళు వచ్చి చదవనీ’ అని చెప్పమని ఇంట్లో చెప్పి రండి.

జై భీమ్. జై ఆదివాసీ.